అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ విద్యార్థులకు ఖాళీలు పూరించడం నేర్పే పద్ధతి

ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడేవాళ్లు, తప్పుల్లేకుండా ఈమెయిల్ రాసేవాళ్లు కూడా ఖాళీలు పూరించే ప్రశ్నల దగ్గరకొచ్చేసరికి సగం మార్కులతో ఆగిపోతుంటారు. వాళ్లకు తెలియనివి పెద్ద మాటలు కావు. ‘ఇట్’, ‘యాజ్’, ‘విచ్’, ‘టు’ లాంటి చిన్న మాటల దగ్గరే చిక్కుకుంటారు. దీనికి కోచింగ్ సెంటర్లలో మామూలుగా చేసేది ఇంకో మోడల్ పేపరు ఇవ్వడం, అది అయ్యాక మరొకటి ఇవ్వడం. పేపరు విద్యార్థి ఎక్కడున్నాడో చూపిస్తుందే తప్ప అక్కణ్నుంచి ముందుకు నడిపించదు. ప్రతి ఖాళీకీ ‘ఈ మాటే ఎందుకు?’ అని అడిగి, వాక్యంలోంచే ఆధారం చూపించమంటే మాత్రం నెల తిరక్కుండానే తేడా కనిపిస్తుంది.

ఇక్కడ ప్రధానంగా కేంబ్రిడ్జ్ వాళ్ల సీ1 అడ్వాన్స్‌డ్ పరీక్షను తీసుకుంటున్నాం. ఖాళీల ప్రశ్నలు అన్ని రకాలుగా, అంత శ్రద్ధగా తయారయ్యే పరీక్షలు తక్కువ. విదేశీ చదువుల కోసం మన విద్యార్థులు ఎక్కువగా రాసే జీఆర్‌ఈ, పీటీఈ, ఐఈఎల్‌టీఎస్ పరీక్షల సంగతి చివర్లో చూద్దాం.

పరీక్షలో ఏముంటుంది

రీడింగ్ అండ్ యూజ్ ఆఫ్ ఇంగ్లిష్ పేపరు గంటన్నర. 8 భాగాలు, 56 ప్రశ్నలు. మొదటి మూడు భాగాలు ఖాళీలవే, ఒక్కో దాంట్లో 8 ఖాళీలు, ఖాళీకి 1 మార్కు. మొదటి భాగంలో నాలుగు ఆప్షన్లు ఇస్తారు. రెండో భాగం ఓపెన్ క్లోజ్: ఆప్షన్లు ఉండవు, ఒక్క మాటే రాయాలి. మూడో భాగంలో పక్కన ఇచ్చిన మూల పదాన్ని మార్చి వాక్యంలో అమర్చాలి. నాలుగో భాగంలో 6 ప్రశ్నలు. ఇచ్చిన మాటను మార్చకుండా వాడుతూ, 3 నుంచి 6 మాటల్లో వాక్యాన్ని పూర్తిచేయాలి. ఒక్కోదానికి 2 మార్కులు, సగం సరిగ్గా రాస్తే 1 వస్తుంది. తప్పు రాస్తే మార్కు కోయరు. బ్యాంకు పరీక్షలకు చదివి వచ్చినవాళ్లకు ఈ మాట మొదటి రోజే గట్టిగా చెప్పాలి. అక్కడ తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది కాబట్టి వాళ్లకు అనుమానమొస్తే వదిలేయడం అలవాటు. ఇక్కడ ఒక్క ఖాళీ కూడా వదలకూడదు.

క్లోజ్ పద్ధతిని 1953లో విల్సన్ టేలర్ ప్రతిపాదించింది పాఠం చదవడానికి ఎంత తేలికో కొలవడానికి. పాఠంలోంచి నిర్ణీత దూరంలో, ఉదాహరణకు ప్రతి ఐదో మాట తీసేసేవారు. ఇప్పటి పరీక్షలో ఖాళీలు అలా లెక్క ప్రకారం రావు. పరీక్ష తయారుచేసేవాళ్లు ఎంచి తీస్తారు: ఒక వ్యాకరణ సంబంధమో, ఎప్పుడూ కలిసే వచ్చే ఒక జంట పదమో, రెండు వాక్యాల మధ్య ముడో అక్కడ ఉంటేనే ఖాళీ పెడతారు. అంటే ప్రతి ఖాళీ వెనకా ఒక ఉద్దేశం ఉంది. విద్యార్థికి ఇది తెలిస్తే ఊహించడం మానేసి వెతకడం మొదలుపెడతాడు.

చెవిని నమ్మితే ఎందుకు దెబ్బతింటారు

‘ఏది బాగా వినిపిస్తే అది పెట్టు’ అని చెప్పే టీచర్లు చాలామంది. చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఇంగ్లిష్ విని పెరిగినవాళ్లకు ఆ సలహా కొంతవరకు పనికొస్తుందేమో. మనం విని పెరిగిన ఇంగ్లిష్ వేరు. ‘కోప్ అప్ విత్’, ‘డిస్కస్ అబౌట్’, ‘కంప్రైజెస్ ఆఫ్’ మన చెవికి చక్కగా వినిపిస్తాయి, పరీక్షలో మూడూ తప్పే. ‘కోప్ __ ద ప్రెషర్’ అని ఖాళీ ఇస్తే ‘అప్’ రాసేవాళ్లు ఉంటారు. రావాల్సింది ‘విత్’.

అందుకే ‘బాగుంది’ అన్న జవాబును క్లాసులో ఒప్పుకోకూడదు. జవాబు సరైనదే అయినా సరే, ఆధారం ఏ మాటో వేలు పెట్టి చూపించమనాలి. మొదటి వారం విసుక్కుంటారు. మూడో వారానికి వాళ్లే పక్కవాళ్లను అడుగుతుంటారు.

ఒక పేరాతో పద్ధతి

ఈ చిన్న పేరా బోర్డు మీద రాయండి:

ఇట్ వాజ్ నాట్ (1) షి లెఫ్ట్ ద సిటీ దట్ షి రియలైజ్డ్ హౌ లిటిల్ షి హ్యాడ్ బీన్ వాకింగ్. షి హ్యాడ్ గ్రోన్ సో యూజ్డ్ (2) టేకింగ్ ద బస్ దట్ ఈవెన్ ఎ షార్ట్ డిస్టెన్స్ సీమ్డ్ (3) మచ్ ఫర్ హర్. (4) సర్‌ప్రైజ్డ్ హర్ మోస్ట్ వాజ్ ద చేంజ్ ఇన్ హర్ మూడ్. నాట్ (5) డిడ్ షి స్లీప్ బెటర్, బట్ హర్ వర్క్ ఇంప్రూవ్డ్ యాజ్ (6).

ముందుగా పెన్నులు కింద పెట్టించండి. ఖాళీలను పట్టించుకోకుండా ఒక నిమిషంలో మొత్తం చదవాలి. అసలు పరీక్షలో పాఠానికి శీర్షిక ఉంటుంది, దాన్నీ చదవాలి. చదివాక మూడు ప్రశ్నలు అడగండి: ఇది దేని గురించి? రాసినవాళ్లు మెచ్చుకుంటున్నారా, తప్పుపడుతున్నారా? విషయం ఎక్కడ మలుపు తిరిగింది? వీటికి జవాబు చెప్పలేని విద్యార్థి ఖాళీలు మొదలుపెట్టకూడదు. చదువుతూ చదువుతూ పూరించేసే అలవాటు వల్ల పోయే మార్కులే ఎక్కువ.

తరవాత ఒక్కో ఖాళీకి మాట కాకుండా ముందు రకం చెప్పించండి: ప్రిపొజిషనా, ఆర్టికిలా, సర్వనామమా, సహాయక క్రియా, రెండు వాక్యాలను కలిపే మాటా, లేక స్థిరపడిన పదబంధంలో ముక్కా? రకం పెన్సిల్‌తో ఖాళీ మీద రాయాలి. రకం తేలాక మాట కోసం ఖాళీకి ఎడమ వైపే కాదు, కుడివైపు ఫుల్‌స్టాప్ దాకా చూడాలి. విద్యార్థులు ఎడమ పక్క మూడు మాటలు చూసి రాసేస్తారు. ఆధారం చాలాసార్లు కుడివైపే ఉంటుంది.

ఒకటో ఖాళీ చూడండి. ‘ఇట్ వాజ్ నాట్’ వరకే చదివితే ఏదైనా రావచ్చు. కాస్త దూరంలో ఉన్న ‘దట్’ చూస్తేనే ‘నాట్ అంటిల్... దట్’ అన్న కట్టుబడి కనబడుతుంది. ‘అంటిల్’ గానీ ‘టిల్’ గానీ రెండూ సరైనవే. రెండోది ‘టు’. ఆధారం కుడిపక్క ‘టేకింగ్’. ‘యూజ్డ్ టు’ చూడగానే ‘ఒకప్పుడు చేసేది’ అన్న అర్థం తీసుకునేవాళ్లకు ఇక్కడే చెప్పాలి: ముందు ‘గ్రోన్’, ‘గెట్’, ‘బి’ లాంటివి ఉంటే అర్థం ‘అలవాటుపడటం’, అప్పుడు ‘టు’ ప్రిపొజిషన్, దాని తరవాత ‘ఇంగ్’ రూపమే. మూడోది ‘టూ’. ఇక్కడ ‘వెరీ’ రాసేవాళ్లుంటారు. ‘సీమ్డ్ వెరీ మచ్ ఫర్ హర్’ కుదరదు, ‘ఆమె వల్ల కానంత’ అన్న అర్థం ‘టూ మచ్ ఫర్’ తోనే వస్తుంది. నాలుగోది ‘వాట్’. వాక్యం అక్కడే మొదలవుతుంది కాబట్టి ‘విచ్’కు ముందు పేరు లేదు. ‘ఇట్’ రాస్తే మధ్యలో రెండో క్రియ ‘వాజ్’ మిగిలిపోతుంది. క్రియలు లెక్కపెట్టడం ఇక్కడ మంచి సాధనం: రెండు క్రియలుంటే రెంటినీ కలిపే మాట ఒకటి ఉండి తీరాలి. ఐదోది ‘ఓన్లీ’: ‘డిడ్ షి’ అని తిరగబడిన వరుస, దూరంలో ‘బట్’. ఆరోది ‘వెల్’. ‘యాజ్’ పక్కన ఖాళీ రాగానే చాలామంది ఇంకో ‘యాజ్’ కోసం వెతుకుతారు, వాక్యం అక్కడితో ముగుస్తోందని చూడరు.

ఆఖరుగా మాటలు పెట్టి మొత్తం పేరా మళ్లీ చదవాలి. ఈసారి చూడాల్సింది వ్యాకరణం కాదు, అర్థం. ‘ద ఫిల్మ్ వాజ్ లాంగ్ అండ్ డల్, యెట్ __ ఇన్ ది ఆడియన్స్ లెఫ్ట్ బిఫోర్ ది ఎండ్’ అన్నచోట ‘మెనీ’ వ్యాకరణానికి సరిపోతుంది. ‘యెట్’ మాత్రం ఒప్పుకోదు. సినిమా విసుగ్గా ఉన్నా లేచిపోయినవాళ్లు తక్కువ, అంటే ‘ఫ్యూ’. ‘నోబడీ’ అన్నా కుదురుతుంది. ‘లిటిల్’, ‘ఫ్యూ’, ‘అన్‌లెస్’, ‘వితౌట్’, ‘నార్’ లాంటి వ్యతిరేకార్థపు మాటలు అడిగే ఖాళీలు ఈ చివరి చదువులోనే దొరుకుతాయి.

తెలుగువాళ్లు తడబడే చోట్లు

మన వాక్యం కట్టుబడి వేరు కాబట్టి కొన్ని ఖాళీలు మనవాళ్లకు ఖాళీల్లాగే కనిపించవు. వీటికి విడిగా సమయం ఇవ్వాలి.

‘ఇల్లు కూలిపోయిన రైతు’ అంటాం. ఇందులో ‘హూజ్’కు సమానమైన మాటే లేదు, ఆ పనంతా ‘కూలిపోయిన’ చేసేసింది. అందుకే ‘ద ఫార్మర్ __ హౌస్ కొలాప్స్‌డ్’ అన్నచోట ‘హిజ్’ రాసేస్తారు. ‘నేను పుట్టిన ఊరు’ కూడా అంతే. ‘ద విలేజ్ __ విచ్ ఐ వాజ్ బోర్న్’లో ‘ఇన్’ అవసరం మనకు తట్టదు. దీనికి మంచి అభ్యాసం: ఇలాంటి తెలుగు పదబంధాలు పది ఇచ్చి, ఒక్కోదాన్ని ముందు రెండు విడి ఇంగ్లిష్ వాక్యాలుగా రాయించి, ఆపైన కలపమనడం. విడి వాక్యంలో ‘ఇన్ ద విలేజ్’ అని రాసినవాడు కలిపేటప్పుడు ‘ఇన్’ ఎక్కడికి పోయిందని తనే వెతుక్కుంటాడు.

కర్త లేకుండా వాక్యం నడపడం మనకు సహజం. ‘అంత దూరం నడవడం కష్టమనిపించింది’ అంటే చాలు. ఇంగ్లిష్‌లో ‘షి ఫౌండ్ __ హార్డ్ టు వాక్ సో ఫార్’ అన్నచోట ‘ఇట్’ పడాలి. ‘మేడ్ ఇట్ క్లియర్ దట్’, ‘టేక్ ఇట్ ఫర్ గ్రాంటెడ్’ కూడా ఈ కుటుంబమే. ఇవి విడివిడి మాటలుగా కాక మొత్తం కట్టగానే నోట్‌బుక్‌లో ఎక్కాలి.

పోలికలో ఇంకో తేడా. ‘విజయవాడ కంటే విశాఖ వాతావరణం నయం’ అని ఊరిని వాతావరణంతో పోల్చేస్తాం, ఎవరూ తప్పనరు. ఇంగ్లిష్‌లో ‘ద క్లైమేట్ ఆఫ్ విశాఖ ఈజ్ మైల్డర్ దాన్ __ ఆఫ్ విజయవాడ’ అని ‘దట్’ పెట్టాల్సిందే. బహువచనమైతే ‘దోజ్’.

ఆర్టికిల్స్ సంగతి అందరికీ తెలిసిందే. అయితే ఈ స్థాయిలో ‘ఎ, ది’ నియమాలు మళ్లీ మొదట్నుంచీ చెప్పడం సమయం వృథా. ఖాళీగా వచ్చేవి ఎక్కువగా ‘యాజ్ ఎ రూల్’, ‘ఆన్ ద హోల్’, ‘సచ్ ఎ’, ‘ద మోర్... ద మోర్’ లాంటి పదబంధాల్లోనివే. వాటిని జాబితాగా కంఠస్థం చేయించకుండా, ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయంలో ఉన్నవాటి కింద గీతలు గీయించండి. రోజుకొక్క సంపాదకీయం చాలు.

‘హార్డ్‌లీ __ ద ట్రెయిన్ లెఫ్ట్ వెన్...’ లాంటి తిరగబడిన వాక్యాల్లో ‘హ్యాడ్’ కూడా ఈ జాబితాలోదే, కానీ నియమం ఒకసారి చెబితే మనవాళ్లు త్వరగానే పట్టేస్తారు.

ఆప్షన్లు ఉన్న ఖాళీలు, మూల పదం మార్చేవి

మొదటి భాగంలో నాలుగు ఆప్షన్లూ దాదాపు ఒకే అర్థంతో ఉంటాయి. అందుకే అర్థం తెలిస్తే చాలదు. ‘ది ఆఫీసర్ వాజ్ __ విత్ టేకింగ్ బ్రైబ్స్’కి ‘అక్యూజ్డ్’, ‘బ్లేమ్డ్’, ‘చార్జ్‌డ్’, ‘క్రిటిసైజ్డ్’ ఇచ్చారనుకోండి. నిఘంటువు తెలుగు అర్థంతో నాలుగూ దగ్గరవే. ‘అక్యూజ్డ్ ఆఫ్’, ‘బ్లేమ్డ్ ఫర్’, ‘క్రిటిసైజ్డ్ ఫర్’ అని తెలిసినవాడికి ‘విత్’ ఒక్కటే దారి చూపిస్తుంది: ‘చార్జ్‌డ్’. కాబట్టి కొత్త క్రియ రాసుకునేటప్పుడు పక్కన తెలుగు అర్థం కంటే ముందు దాని ప్రిపొజిషన్, దాని వెంట వచ్చే నామవాచకం రాసుకోమనండి. క్లాసులో మొదటి ప్రయత్నం ఆప్షన్లు చేత్తో మూసి చేయించండి. తన మాట రాసుకున్నాక తెరిచి చూస్తే, దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవడం తేలిక. నాలుగూ ముందే చూస్తే నాలుగూ సరైనవే అనిపిస్తాయి.

మూడో భాగంలో పొరపాట్లు ఎప్పుడూ అవే: వ్యతిరేకార్థం మరిచిపోవడం, బహువచనపు ‘ఎస్’ వదిలేయడం, స్పెల్లింగ్. ‘ద బస్ సర్వీస్ ఈజ్ సో __ దట్ మోస్ట్ పీపుల్ డ్రైవ్ టు వర్క్’, మూల పదం ‘రిలై’. ‘రిలయబుల్’ అని రాసి ముందుకెళ్లిపోతారు. బస్సు నమ్మకంగా వస్తే జనం సొంత బండి ఎందుకు తీస్తారు? ‘అన్‌రిలయబుల్’ రావాలి. రాసిన ప్రతి మాటకూ మూడు తనిఖీలు అలవాటు చేయండి: నామవాచకమా, విశేషణమా, క్రియావిశేషణమా? అనుకూలార్థమా, వ్యతిరేకార్థమా? ఒకటా, ఎక్కువా? స్పెల్లింగ్ తప్పితే మార్కు లేదు. ‘మెయింటెయిన్’లోని రెండో ‘ఎ ఐ’ ‘మెయింటెనెన్స్’లో ‘ఇ’ అవుతుంది. ‘ప్రొనౌన్స్’లో ఉన్న రెండో ‘ఒ’ ‘ప్రొనన్సియేషన్’లో ఉండదు. ‘అకరెన్స్’లో రెండు ‘సీ’లు, రెండు ‘ఆర్’లు. లోపల అక్షరాలే మారిపోయే ‘డీప్, డెప్త్’, ‘స్ట్రాంగ్, స్ట్రెంతెన్’, ‘ప్రూవ్, ప్రూఫ్’ లాంటివి విడిగా రాయించండి. ప్రత్యయాలు మాత్రమే నేర్చుకున్నవాళ్లు ‘డీప్‌నెస్’ అని రాస్తారు.

నాలుగో భాగంలో మాటల లెక్క జాగ్రత్త. ‘డిడ్‌నాట్’ను కుదించి రాసినా రెండు మాటలుగానే లెక్కపెడతారు.

గంట క్లాసు ఎలా నడపాలి

కొత్త పాఠానికి మొదటి 5 నిమిషాలు శీర్షిక చూసి ఊహించడానికి, నిశ్శబ్దంగా చదవడానికి. తరవాతి 10 నిమిషాలు ఎవరికివారు రకాలు రాసి పూరించాలి, నిఘంటువు లేకుండా. ఆపైన 15 నిమిషాలు ఇద్దరిద్దరు కూర్చుని ఆధారాలు పోల్చుకోవాలి. ఇది తగ్గించకండి, నేర్చుకోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఈ దశలో టీచర్ జవాబు చెప్పకూడదు, ‘ఆధారం ఏది?’ అని మాత్రమే అడగాలి. 20 నిమిషాలు అందరితో చర్చ. తప్పు జవాబు ఎందుకు కుదరదో కూడా తేల్చాలి. మిగిలిన 10 నిమిషాలు తప్పుల పుస్తకానికి.

జవాబుల పట్టిక చదివి ‘ఎన్ని కరెక్ట్?’ అని చేతులెత్తించడం ఈ క్లాసును పాడుచేసే మొదటి పని. ఎనిమిదికి ఆరు వచ్చినవాడికి ఆ రెండూ ఎందుకు పోయాయో తెలియదు, వచ్చిన ఆరింట్లో ఎన్ని గాల్లో బాణాలో కూడా తెలియదు.

తప్పుల పుస్తకంలో ప్రతి తప్పుకూ ఐదు విషయాలు ఉండాలి: వాక్యం, తను రాసింది, రావాల్సింది, ఆధారం, రకం. నాలుగైదు పాఠాలయ్యాక రకాలవారీగా లెక్కపెట్టించండి. సాధారణంగా ఒక్కో విద్యార్థి తప్పుల్లో సింహభాగం ఒకటి రెండు రకాల్లోనే పోగవుతుంది. ఒకరికి ప్రిపొజిషన్లు, ఇంకొకరికి వాక్యాలను కలిపే మాటలు. ఇంటి పని ఆ ప్రకారం విడివిడిగా ఇవ్వండి.

విద్యార్థుల చేత ఖాళీలు తయారుచేయించడం అన్నిటికన్నా ఫలితమిచ్చే అభ్యాసమని మా అభిప్రాయం. 150 నుంచి 200 మాటల పాఠం ఇచ్చి, ఒక్కో చోట ఒకే మాట కుదిరేలా 8 మాటలు తీసేయమనండి. మొదటి వాక్యం ముట్టుకోకూడదు. రెండు ఖాళీల మధ్య కనీసం ఆరేడు మాటలుండాలి. ఒక ఖాళీ జవాబు తెలిస్తేనే మరో ఖాళీ తేలేలా ఉండకూడదు. పక్క జంట చేత చేయిస్తే రెండు జవాబులు కుదిరే ఖాళీలు బయటపడతాయి. ‘బిగ్’, ‘గ్రేట్’ లాంటి విశేషణాలు తీసినవాళ్లందరూ అక్కడ దొరికిపోతారు. ఓపెన్ క్లోజ్‌లో వ్యాకరణపు మాటలే ఎందుకు ఎక్కువ వస్తాయో అప్పుడు చెప్పకుండానే అర్థమవుతుంది. టీచర్లు సొంతంగా పేపరు తయారుచేసుకున్నా ఇదే నియమం. జవాబులు లేకుండా సహోద్యోగి చేత ఒకసారి చేయించాకే క్లాసులో ఇవ్వండి.

వేరే పరీక్షలకు ఏం మారుతుంది

జీఆర్‌ఈ టెక్స్ట్ కంప్లీషన్‌లో 1 నుంచి 3 ఖాళీలుంటాయి. ఒకే ఖాళీ అయితే 5 ఆప్షన్లు, రెండు మూడైతే ఒక్కోదానికి 3. అన్నీ సరైతేనే మార్కు, సగం సరైనందుకు ఏమీ రాదు. అందుకని ఖాళీలను వరుసలో చేయనక్కర్లేదు. ఏ ఖాళీకి ఆధారం గట్టిగా ఉందో అక్కడ మొదలుపెట్టాలి, తరచూ అది రెండోదో మూడోదో అవుతుంది. ‘ఆల్దో’, ‘బికాజ్’, సెమీకోలన్, కోలన్ కింద గీత గీసి, ఖాళీలో రావాల్సిన భావాన్ని తెలుగులోనే అయినా సరే నాలుగు మాటల్లో చెప్పించండి. వేల మాటల జాబితా బట్టీపట్టినవాళ్లు తప్పుచేసేది వాక్యం ఎటు తిరుగుతోందో చూడకే.

పీటీఈలో ఖాళీల ప్రశ్నలు కొన్నింట్లో మాటలను లాగి పెట్టాలి, ఖాళీల కంటే మాటలు ఎక్కువ ఇస్తారు. మరికొన్నింట్లో ప్రతి ఖాళీకీ ఆప్షన్ల జాబితా తెరుచుకుంటుంది. సరైన ప్రతి ఖాళీకీ విడిగా మార్కు ఉంది, తప్పుకు కోత లేదు. మొదటి భాగానికి చెప్పిన జంట పదాల సాధన ఇక్కడ నేరుగా పనికొస్తుంది. ఐఈఎల్‌టీఎస్ సారాంశపు ఖాళీల్లో ఎన్ని మాటలు మించకూడదో సూచనలోనే రాసి ఉంటుంది, ఆ లెక్క దాటితే సరైన జవాబుకూ మార్కు రాదు.

సమయం, జవాబు పత్రం

సీ1 పేపరులో చదివే భాగాలకు ఎక్కువ సమయం కావాలి కాబట్టి మొదటి నాలుగు భాగాలూ 30 నిమిషాలు మించకూడదు: మొదటి మూడింటికి ఆరేడు నిమిషాల చొప్పున, నాలుగో దానికి 9. గడియారం పెట్టి చేయించడం పరీక్షకు మూడు నాలుగు వారాల ముందు మొదలుపెడితే చాలు. అంతకుముందే తొందరపెడితే ఆధారం వెతికే అలవాటు నిలవకముందే ఊహించడం మొదలవుతుంది. ఒక ఖాళీ నిమిషంలో తేలకపోతే పక్కన గుర్తు పెట్టి ముందుకెళ్లాలి. మిగతావి నిండాక తిరిగొస్తే చాలాసార్లు అదే తేలిపోతుంది. అప్పటికీ తేలకపోతే, రకం తెలుసు కాబట్టి ఆ రకంలో ఎక్కువగా వాడే మాట రాసేయాలి.

కాగితం మీద రాసే పరీక్షలో రెండు, మూడు, నాలుగు భాగాల జవాబులు పెద్దక్షరాల్లో రాయాలి. ఖాళీలో పడే మాట ఒక్కటే జవాబు పత్రం మీద ఉండాలి. పక్క మాట కూడా కలిపి రాసి మార్కు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, ప్రాక్టీసు క్లాసుల్లోనూ జవాబులను ప్రశ్నాపత్రం మీద కాకుండా విడి కాగితం మీదే, పెద్దక్షరాల్లోనే రాయించండి.